బీరు సీసా కాదు... పక్కనున్న పళ్లెం చూడండి!

బీరు అనగానే అందరి కళ్లూ సీసా మీదికే పోతాయి. అసలు వింతలన్నీ పక్కనున్న పళ్లెంలో ఉన్నాయి! పల్లీలు, ఆల్చిప్పలు, ముల్లంగి, ఎండుచేప, ధనియాలు... ఒకచోట ఏకంగా ఇటుక! అవును, గోడ కట్టే ఇటుకే. దాని వంతు వచ్చేదాకా కాస్త ఓపిక పట్టండి. తెలుగు రాష్ట్రాల్లో తాగడానికి ఇరవై ఒక్కేళ్లు నిండాలి గానీ, ఈ పళ్లెం కబుర్లకు వయసుతో పనిలేదు. పల్లీలతో బోణీ చేద్దాం.

మీకు తెలుసా? వేయించిన పల్లీని బీరు గ్లాసులో వేస్తే నాట్యం చేస్తుంది! ముందు బుడుంగున మునుగుతుంది. అడుగున ఒంటినిండా బుడగలు అంటించుకుని పైకి తేలుతుంది. పైకి రాగానే బుడగలు పగిలి మళ్లీ మునక! బ్యూనస్ ఎయిరెస్ బార్లలో ఈ సరదా చూసిన బ్రెజిల్ పరిశోధకుడు లూయిజ్ పెరీరా ఊరుకోలేదు. ల్యాబులో బీరు పోసి, పల్లీలు వేసి, లెక్కలు కట్టేశారు. 2023లో ఆ పరిశోధన రాయల్ సొసైటీ వారి పత్రికలో అచ్చయింది. పల్లీల ఆట ఆగడానికి రెండు గంటలకు పైగా పట్టిందట. ఏ డాన్స్ మాస్టరూ అంతసేపు ఆడించలేడు!

గనుల్లో తవ్విన ఇనుప ఖనిజాన్ని పనికిరాని రాతిపొడి నుంచి వేరు చేసే ఒక పద్ధతీ ఇదే సూత్రం మీద నడుస్తుంది. బుడగ అంటుకున్న రేణువు తేలుతుంది, అంటుకోనిది మునుగుతుంది. పది రూపాయల పల్లీ పొట్లంలో గనుల ఇంజినీరింగ్!

సరే, బీరుకు ఉప్పు పల్లీలే ఎందుకు? తీపి పల్లీపట్టీ ఎందుకు కాదు? ఉప్పు దాహం పెంచుతుందని అందరూ చెబుతారు. అది సగం సంగతే. ఉప్పు చేదును అణిచేస్తుంది! బ్రెస్లిన్, బోషాంప్ అనే శాస్త్రవేత్తలు 1997లో నేచర్ పత్రికలో ఈ సంగతి రుజువు చేశారు. చేదు తగ్గగానే దాని కింద దాక్కున్న మిగతా రుచులు బయటికొస్తాయి. అంటే చేదు బీరును తియ్యగా మార్చేది చక్కెర కాదు, చిటికెడు ఉప్పు!

మీకు తెలుసా? మిర్చి బజ్జీ బీరు నురగకు బద్ధశత్రువు! నురగను నిలబెట్టేది బార్లీలోని ప్రొటీన్లు. నూనె తగిలిందా, ఆ పొర చిరిగిపోతుంది. నూనె పెదాలతో గ్లాసు అంచు తాకితే నురగ నీరుగారిపోతుంది. లిప్‌స్టిక్‌దీ అదే పని. పాపం నురగ, అందమూ గిట్టదు, బజ్జీ గిట్టదు!

ఆ నురగ ఎంత వేగంగా కరుగుతుందో కొలిచి బహుమతి కొట్టినాయన ఒకరున్నారు. మ్యూనిక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్న్ట్ లైకె. మూడు రకాల బీర్లు పోసి, నురగ ఎత్తు కొలుస్తూ కూర్చున్నారు. రేడియోధార్మిక పదార్థం తరిగిపోయే లెక్కే నురగదీ అని తేల్చారు. 2002లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. ఇలాంటి ప్రయోగానికి సహాయకులు దొరకడం ఏమంత కష్టం!

ఇప్పుడు కారం మాట. గుంటూరు మిర్చి నాలుక మీద నిప్పు రాజేసింది. పక్కన చల్లటి బీరు ఉంది. గటగటా తాగితే మంట తగ్గుతుందా? తగ్గదు! మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. నూనెలో, ఆల్కహాల్‌లో కరుగుతుంది. బీరులో ఆల్కహాల్ ఐదు శాతం దగ్గర ఉంటే, తొంభై శాతానికి పైగా నీళ్లే. ఆ ఐదుతో ఏం కరుగుతుంది!

ఇంకా దారుణం వినండి. మంటను గుర్తుపట్టే గ్రాహకం ఒకటి మన నోట్లో ఉంది. మామూలుగా అది 42 డిగ్రీల వేడి దగ్గర గానీ మేలుకోదు. ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీలకే మేలుకుంటుందని 2002లో కనిపెట్టారు. మన ఒంటి వేడి ఎంత? 37! అంటే పొయ్యితో పనిలేదు, నోరే పొయ్యి!

మరి మంటకు మందేమిటి? పాలు, పెరుగు, మజ్జిగ. వాటిలో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీంచి లాక్కెళ్లిపోతుంది. బిర్యానీ పక్కన పెరుగు పచ్చడి పెట్టిన వంటవాడికి డాక్టరేట్ ఇవ్వొచ్చు!

మీకు తెలుసా? బీరు తాగినప్పుడు నాలుక చుర్రుమనేది బుడగలు పగలడం వల్ల కాదు! బుడగల్లోని కార్బన్ డయాక్సైడ్‌ను నాలుక మీద పులుపును పట్టే కణాలే పట్టుకుంటాయి. అక్కడున్న ఒక ఎంజైము దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. 2009లో సైన్స్ పత్రికలో బయటపడ్డ రహస్యం ఇది. కొండలెక్కేవాళ్లు వేసుకునే ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఈ ఎంజైమును ఆపేస్తుంది. అది వేసుకుని ఎవరెస్టు ఎక్కినవాళ్లు శిఖరం మీద సోడా తాగినా చప్పగానే ఉంటుంది!

మంచులా చల్లబరిచిన బీరు అంటే చాలామందికి ప్రాణం. కానీ చలికి నాలుక మొద్దుబారుతుంది. తీపిని, చేదును మెదడుకు చేరవేసే ట్రిప్-ఎం5 అనే ద్వారం వెచ్చగా ఉన్నప్పుడే బాగా తెరుచుకుంటుందని 2005లో తేలింది. కరిగిన ఐస్‌క్రీం మరీ తియ్యగా ఉండేది ఇందుకే. గడ్డకట్టేంత చల్లగా ఇచ్చే బీరు తన రుచి మీకు తెలియకుండా జాగ్రత్తపడుతోందన్నమాట!

ఇక ఛలో మ్యూనిక్!

మీకు తెలుసా? మధ్యాహ్నం పన్నెండు గంటలు కొట్టాక తినకూడని సాసేజ్ ఒకటి ఉంది! పేరు వైస్‌వుర్స్ట్. తెల్లటి దూడమాంసం సాసేజ్. వేడినీళ్లలో వెచ్చబెట్టి, తియ్యటి ఆవపిండి ముద్ద, ప్రెట్జెల్, గోధుమ బీరుతో పొద్దున్నే లాగిస్తారు. ఫ్రిజ్‌లు లేని కాలంలో మధ్యాహ్నానికి మాంసం పాడయ్యేది. ఫ్రిజ్‌లు వచ్చాయి, రూలు మాత్రం పోలేదు. చర్చి గంట ఆ సాసేజ్ చెవిన పడకూడదంటారు బవేరియా వాళ్లు. పాపం, సాసేజ్‌కు చెవులెక్కడివో!

అది పుట్టిన కథ ఇంకా రంజుగా ఉంటుంది. 1857 ఫిబ్రవరి 22. మ్యూనిక్‌లోని మారియెన్‌ప్లాట్జ్ కూడలిలో జెప్ మోజర్ హోటల్. జనం కిటకిట. సన్న సాసేజ్‌ల గొర్రెపేగులు అయిపోయాయి. చేతికందిన పందిపేగుల్లో మాంసం కూరారు. వేయిస్తే పగిలిపోతాయని భయపడి వేడినీళ్లలో వేశారు. అదే హిట్టయింది! నగరం మొత్తం చెప్పుకునే కథ ఇది. చరిత్రకారులు తలలు అడ్డంగా ఊపినా ఎవరూ పట్టించుకోరు.

సాసేజ్‌ను సంప్రదాయంగా తినే పద్ధతి చూస్తారా? కత్తి లేదు, ఫోర్క్ లేదు. ఒక కొస కొరికి, లోపలి మాంసం జుర్రుకుని, తోలు పళ్లెంలో వదిలేయాలి. మునక్కాయ తిన్నట్టే! సాంబారు తినే మనకు ఈ విద్య ఒకరు నేర్పాలా?

ఆ పక్కనున్న గోధుమ బీరులో అరటిపండు వాసన, లవంగం వాసన గుప్పుమంటాయి. అందులో అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు! రెండూ ఈస్ట్ పుట్టించే వాసనలే. అరటిపండు వాసనకు కారణం ఐసోఅమైల్ అసిటేట్. అదే రసాయనాన్ని తేనెటీగలు కుట్టేటప్పుడు వదులుతాయి. "శత్రువొచ్చాడు, అందరూ రండి" అని తోటి ఈగలకు సందేశం! తేనెపట్టు కింద కూర్చుని గోధుమ బీరు తాగాలనుకునే వీరులు ఆలోచించుకోండి.

మీకు తెలుసా? మ్యూనిక్ బీర్ గార్డెన్‌కు మీ ఇంటి క్యారేజీ పట్టుకెళ్లొచ్చు! మన హోటళ్లలో బయటి తినుబండారాలు నిషిద్ధం అని బోర్డు పెడతారు. అక్కడ పాత పద్ధతి బీర్ గార్డెన్లలో బీరు మాత్రం వాళ్ల దగ్గర కొనాలి, తిండి మీది. దీని వెనక రెండొందల ఏళ్ల నాటి తగాదా ఉంది. ఇది కాస్త వివరంగా చెప్పి తీరాలి.

అప్పట్లో వేసవిలో బీరు కాయడం నిషేధం. చలికాలంలో కాచి, నేలమాళిగల్లో దాచేవారు. మాళిగ మీద ఎండ పడకుండా చెస్ట్‌నట్ చెట్లు నాటారు. చెట్లొచ్చాక నీడ వచ్చింది, నీడకు బల్లలొచ్చాయి, బల్లలకు జనమొచ్చారు. ఊళ్లో హోటళ్లు ఖాళీ! హోటల్ వాళ్లు లబోదిబోమంటూ రాజు దగ్గరికి పరిగెత్తారు. రాజు మొదటి మాక్స్ యోసెఫ్ 1812 జనవరి 4న తీర్పు చెప్పాడు. బీరు కాసేవాళ్లు తమ మాళిగ దగ్గర బీరు అమ్ముకోవచ్చు, తిండి మాత్రం అమ్మకూడదు. బ్రెడ్‌కు ఒక్కదానికే మినహాయింపు. జనం ఏం చేశారు? ఇంటి నుంచే మూట కట్టుకుని వచ్చారు! ఆ నిషేధం ఎప్పుడో పోయింది. మూట కట్టుకెళ్లే హక్కు మాత్రం మిగిలింది. 1999 నాటి బవేరియా బీర్ గార్డెన్ నిబంధనల్లోనూ దానికి చోటు దక్కింది. మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు పులిహోర డబ్బా తెరిచినా కాదనేవారు లేరు!

హిర్ష్‌గార్టెన్ అనే ఒక్క తోటలోనే దాదాపు ఎనిమిది వేల మంది కూర్చోవచ్చు. పెళ్లికి పిలవాల్సిన చుట్టాలు ఇంకా మిగిలారా?

అక్కడ బీరుకు నంజు ఏమిటో తెలుసా? ముల్లంగి! తెల్ల ముల్లంగిని విడిపోకుండా చుట్టలు చుట్టలుగా తరిగి, ఉప్పు చల్లి, నీరు కారేదాకా ఉంచి, కరకరా నమిలేస్తారు. సాంబారులో ముల్లంగి కనబడితే పక్కకు నెట్టేసే పిల్లలకు ఈ వార్త చేరవేయండి.

ఆక్టోబర్‌ఫెస్ట్ సెప్టెంబరులో మొదలవుతుంది! 1810 అక్టోబరులో యువరాజు లుడ్విగ్ పెళ్లి వేడుకగా పుట్టింది కాబట్టి ఆ పేరు. వాన, చలి తప్పించుకోవడానికి తర్వాత ముందుకు జరిపారు. 2023లో 72 లక్షల మంది వచ్చారు. బీరు అమ్మడానికి అనుమతి మాత్రం ఆరే ఆరు మ్యూనిక్ కంపెనీలకు. కాల్చిన కోళ్లు, ప్రెట్జెళ్లు లాగించి జనం మర్చిపోయే వస్తువుల్లో కట్టుడు పళ్లు కూడా దొరుకుతుంటాయి. కోడికాలు మరీ గట్టిగా కొరికారేమో!

మీకు తెలుసా? ఉపవాసానికి పుట్టిన బీరు ఒకటి ఉంది! ఈస్టర్ ముందు నలభై రోజులు క్రైస్తవ సన్యాసులు గట్టి ఆహారం తగ్గించేవారు. ద్రవాలకు అభ్యంతరం లేదు. పౌలా సన్యాసులు మ్యూనిక్‌లో చిక్కటి, బలమైన బీరు కాచారు. దాన్ని తాగే రొట్టె అన్నారు. సాల్వేటర్ అనే ఆ బీరు ఇప్పటికీ దొరుకుతుంది. అంటే దీనికి పళ్లెమే అక్కర్లేదు, తిండీ తీర్థమూ ఒక్క గ్లాసే!

నిజంగా దీని మీద బతకొచ్చా? అమెరికాలో అయోవా రాష్ట్రానికి చెందిన ఒకాయన 2011లో ప్రయత్నించారు. 46 రోజులు ఆ రకం బీరు, నీళ్లు మాత్రమే. వైద్యుల పర్యవేక్షణలో ముగించి, పదకొండు కిలోలు తగ్గారు. మీరు మాత్రం ఇంట్లో చేయకండి. ఏకాదశికి పండ్లు చాలు!

1516లో బవేరియా డ్యూకులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ వేయకూడదని శాసనం చేశారు. మరి బీరును బీరుగా మార్చే ఈస్ట్ ఏది? ఆ శాసనంలో దాని పేరే లేదు! సూక్ష్మజీవి అనేది ఒకటుందని అప్పటికి ఎవరికీ తెలియదు. వంట చేసినాయన్ని వదిలేసి సామాన్ల జాబితా రాశారు.

జర్మనీలోనే గోజె అనే బీరుంది. దాంట్లో ఉప్పు వేస్తారు, ధనియాలు వేస్తారు. పులుపు లాక్టోబాసిల్లస్ నుంచి వస్తుంది. మన పెరుగును తోడుపెట్టే సూక్ష్మజీవుల చుట్టమే అది! శాసనం ఏమన్నా దీనికి మాత్రం ప్రత్యేక మినహాయింపు ఇచ్చేశారు.

ధనియాల బీరుకు పెద్ద పేరు బెల్జియంది. హూగార్డెన్ ఊళ్లో ధనియాలు, నారింజ తొక్క వేసి కాచే తెల్ల బీరు 1950లలో పూర్తిగా అంతరించిపోయింది. 1966లో దానికి ప్రాణం పోసింది ఎవరు? పేరున్న కంపెనీయా? కాదు, పియర్ సెలిస్ అనే పాలవాడు! ఇప్పుడు అది ప్రపంచమంతా దొరుకుతుంది.

బెల్జియంలో షిమే, ఓర్వాల్ మఠాల సన్యాసులు బీరూ కాస్తారు, చీజూ చేస్తారు. షిమేలోనైతే ఒక రకం చీజ్‌కు బీరుతో స్నానం కూడా చేయిస్తారు! నంజు ఎక్కడో వెతుక్కునే పనిలేదు, ఒకే కాంపౌండు. బెల్జియం బీరు సంస్కృతిని 2016లో యునెస్కో తన వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. మన యోగాకూ అదే ఏడాది అదే జాబితాలో చోటు దక్కింది. ఎంత చిత్రమైన క్లాస్‌మేట్లు!

బెల్జియంలోనే గొడ్డుమాంసాన్ని బీరులో గంటల తరబడి ఉడికిస్తారు. ఉడికిస్తే ఆల్కహాల్ అంతా ఎగిరిపోతుందిలే అనుకుంటున్నారా? అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం అరగంట ఉడికినా 35 శాతం మిగులుతుంది. రెండున్నర గంటల తర్వాత కూడా ఐదు శాతం గిన్నెలోనే ఉంటుంది. అంత మొండిది!

ఇంగ్లీషు ఛానల్ దాటుదాం. మీకు తెలుసా? ఆల్చిప్పలు ఒకప్పుడు లండన్ పేదవాడి తిండి! పందొమ్మిదో శతాబ్దంలో వీధి బండి మీద చవగ్గా దొరికేవి. పక్కన నల్ల బీరు. ఆల్చిప్పల ఉప్పుకు నల్ల బీరు చేదు జోడీ. ఇప్పుడు అవే ఆల్చిప్పలు స్టార్ హోటల్లో గాజు పళ్లెంలో, ఐసు మీద పడుకుని వస్తున్నాయి. బిల్లు చూస్తే మనం పడుకోవాలి!

తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన డిజ్రేలీ 1837లో అక్కకు రాసిన ఉత్తరంలో ఆ రాత్రి తాను ఆల్చిప్పలు తిని గిన్నిస్ తాగానని గొప్పగా చెప్పుకున్నాడు. ఐర్లండ్‌లోని గాల్వేలో 1954 నుంచి ఈ జోడీకి ఏకంగా ఉత్సవమే జరుగుతోంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ఆల్చిప్పలను బీరు కాగులోనే వేసి ఉడికించారు. పళ్లెం కడిగే పని తప్పింది!

శాకాహారులూ, కుర్చీ గట్టిగా పట్టుకోండి. బీరును తేటపరచడానికి ఐజింగ్లాస్ అనే పదార్థం వాడతారు. అదేమిటో తెలుసా? చేప పొట్టలోని గాలితిత్తి ఎండబెట్టిన పొడి! మడ్డిని పట్టుకుని అడుక్కు లాగేస్తుంది. గిన్నిస్ కంపెనీ దీన్ని వదిలేస్తున్నట్టు 2015లో గానీ ప్రకటించలేదు. అందాకా తాగినవాళ్లకు చేప ఉచితం!

ఆ గిన్నిస్ పేరుతో ఒక పుస్తకం పుట్టడానికీ పళ్లెమే కారణం. 1951లో ఐర్లండ్‌లో పిట్టల వేట. కంపెనీ పెద్ద సర్ హ్యూ బీవర్ తుపాకీ గురికి గోల్డెన్ ప్లోవర్ అనే పిట్ట చిక్కలేదు. యూరప్‌లో వేటపిట్టలన్నింటిలో వేగమైనది ఇదేనా, కాదా అని రాత్రి పెద్ద వాదన. ఏ పుస్తకంలోనూ జవాబు లేదు! ఇలాంటి పందేలు బార్లలో రోజూ జరుగుతుంటాయి కదా, తీర్చడానికి ఒక పుస్తకం వేస్తే పోలా అనుకున్నారు. 1955లో వచ్చింది గిన్నిస్ బుక్ ఆఫ్ రికార్డ్స్! పళ్లెంలోకి రాకుండా ఎగిరిపోయిన ఒక్క పిట్ట ప్రపంచంలోని వింతలన్నింటికీ లెక్కల పుస్తకం తెరిపించింది.

ఆ కంపెనీ స్థలం లీజు ఎన్నేళ్లకు రాయించుకున్నారో తెలుసా? 9,000 ఏళ్లకు! 1759లో ఆర్థర్ గిన్నిస్ ఏడాదికి 45 పౌండ్ల అద్దెకు సంతకం పెట్టాడు. తర్వాత స్థలమే కొనేశారు గానీ, లేకపోతే 10759 దాకా అద్దె పెంచే మాటే లేదు. హైదరాబాద్‌లో అద్దెకుండేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదువుకోవచ్చు!

బ్రెడ్, చీజ్ ముక్క, ఊరగాయ, బీరు. ఇంగ్లండ్ పబ్బుల్లో దీన్ని దుక్కి దున్నేవాడి భోజనం అంటారు. తాతల నాటి రైతు తిండి అనుకుంటున్నారా? ఆ పేరును ఊరూరా మోగించింది 1950, 60లలో చీజ్ అమ్మకాలు పెంచుకోవాలనుకున్న వ్యాపార సంఘాలు! అరక పట్టని ప్రచార నిపుణుల పంట అది.

ఇక ఇటుక! మీకు తెలుసా? 1896లో న్యూయార్క్ రాష్ట్రం రెయిన్స్ చట్టం తెచ్చింది. ఆదివారం మద్యం అమ్మకూడదు. హోటళ్లలో మాత్రం, అదీ భోజనంతో పాటైతే ఇవ్వొచ్చు. హోటలంటే పది గదులుండాలి. సారా కొట్ల వాళ్లు రాత్రికి రాత్రే పైన పది గదులు కట్టేసి హోటలని బోర్డు పెట్టారు. మరి భోజనం? ఒక శాండ్‌విచ్ తెచ్చి బల్ల మీద పెట్టేవారు. బీరు తాగి లేవగానే అదే శాండ్‌విచ్ పక్క బల్లకు. తర్వాత ఇంకో బల్లకు. ఎండి, బిగుసుకుపోయినా ఉద్యోగం చేస్తూనే ఉండేది! కొందరు ఇంకా తెగించి, రెండు బ్రెడ్ ముక్కల మధ్య ఇటుక పెట్టేశారు. ఈ ఇటుక శాండ్‌విచ్ సంగతిని పేరున్న పాత్రికేయుడు జేకబ్ రీస్ తన రాతల్లో నమోదు చేశాడు. బల్ల మీద పెట్టిన శాండ్‌విచ్‌ను నిజంగానే తినబోయిన అమాయకుడు కూడా ఉన్నాడట!

నూట ఇరవై నాలుగేళ్ల తర్వాత కరోనా కాలంలో ఇంగ్లండ్ కూడా అదే పని చేసింది. కొన్ని ప్రాంతాల్లో సరైన భోజనం చేస్తేనే పబ్బులో మద్యం. ఏది సరైన భోజనం? ఉడికించిన గుడ్డుకు ఖైమా తొడిగి వేయించే స్కాచ్ ఎగ్ చాలా? చాలొచ్చని మంత్రి జార్జ్ యూస్టిస్ సెలవిచ్చారు. దేశమంతా రోజుల తరబడి గుడ్డు మీద చర్చ! చట్టసభల చరిత్రలో కోడిగుడ్డుకు దక్కిన అరుదైన గౌరవం.

కొరియాలో వేయించిన కోడి, బీరు విడదీయరాని జంట. పేరు చిమెక్. 2021లో ఆ మాట ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకే ఎక్కేసింది. 2014లో ఒక టీవీ సీరియల్ నాయిక మంచు పడుతుంటే చిమెక్ తినాలంది. అంతే, చైనాలో కోడివేపుళ్ల దుకాణాల ముందు క్యూలు! 2016లో ఒక చైనా కంపెనీ ఉద్యోగులు 4,500 మంది కొరియాలోని ఇంచాన్‌లో వరుసగా కూర్చుని ఒకేసారి చిమెక్ లాగించారు. మన బంతి భోజనాలు గుర్తుకొస్తున్నాయా?

రష్యాలో నంజు ఎండుచేప. ఉప్పుపట్టించి ఎండబెట్టిన వోబ్లా. బల్లకేసి టపటపా కొట్టి, తోలు ఒలిచి నములుతారు. జపాన్‌లో ఉప్పునీళ్లలో ఉడికించిన పచ్చి సోయా కాయలు. చెక్ దేశంలో వెనిగర్లో ఊరబెట్టిన సాసేజ్. దాని పేరు "మునిగిపోయినవాడు"! ఇటలీలో పిజ్జా. వైన్ దేశమే అయినా పిజ్జా రాగానే చాలామంది బీరే అడుగుతారు. అమెరికా బడ్వైజర్ లేబుల్ మీద మాత్రం బియ్యం అని రాసి ఉంటుంది. అన్నం గ్లాసులోకే వచ్చేసింది!

ఐస్‌లాండ్‌లోనైతే పళ్లెం పక్కన బీరు గ్లాసుకే చోటు లేదు. 1989 మార్చి 1 దాకా మామూలు బీరు నిషేధం! విస్కీకి అనుమతి ఉంది, బీరుకు లేదు. ఇప్పుడు ఏటా ఆ రోజు బీరు పండుగ చేసుకుంటారు.

బొగ్గుల మీద మాంసం కాల్చేవాళ్లకు ఒక మంచి మాట. కాల్చినప్పుడు పీఏహెచ్‌లనే హానికర పదార్థాలు పుడతాయి. పోర్చుగల్, స్పెయిన్ పరిశోధకులు పందిమాంసాన్ని నాలుగు గంటలు బీరులో నానబెట్టి కాల్చి చూశారు. 2014లో ఫలితాలు వచ్చాయి. నల్ల బీరుతో 53 శాతం తగ్గాయి! మామూలు పిల్స్‌నర్ రకం బీరుతో 13 శాతమే. ఆల్కహాల్ లేని పిల్స్‌నర్‌తోనో, 25. రెండు పిల్స్‌నర్లలో కిక్కు లేనిదే గెలిచింది!

చాక్లెట్ కేకుకు స్టౌట్ అనే నల్ల బీరు గొప్ప జోడీ అంటారు నిపుణులు. బ్రూక్లిన్ వారి బ్లాక్ చాక్లెట్ స్టౌట్‌లో చాక్లెట్ ముక్క కూడా లేకుండానే ఆ రుచి వచ్చేది. అదంతా మాడ్చి వేయించిన బార్లీ మహిమ! అక్కడి బ్రూమాస్టర్ గారెట్ ఆలివర్ బీరుకు ఏ తిండి నప్పుతుందో 2003లో పెద్ద పుస్తకమే రాశారు. ఈ విద్యలో అంతకుముందు మహా గురువు ఎవరో తెలుసా? మైకేల్ జాక్సన్! ఆగండి, ఆయన కాదు. గడ్డమున్న ఇంగ్లిష్ రచయిత. ఈయన మూన్‌వాక్ చేయలేదు గానీ 1977లో ప్రపంచ బీర్లన్నింటికీ గైడు రాశారు.

మీకు తెలుసా? లండన్‌లో కూరలకు తగ్గ బీరు తయారు చేయించింది మన హైదరాబాదీ! కరణ్ బిలిమోరియా. 1961లో హైదరాబాద్‌లో పుట్టారు, ఉస్మానియాలో బీకాం చదివారు. లండన్ వెళ్లాక ఇండియన్ రెస్టారెంట్లో కూర్చుంటే ఒకటే బాధ. లాగర్ రకం బీరులో గ్యాస్ ఎక్కువ, రెండు ముద్దలకే కడుపుబ్బరం. ఏల్ రకం తాగితే బరువు. రెండింటికీ మధ్యలో, గ్యాస్ తక్కువగా ఉండే బీరు ఎందుకు ఉండకూడదు? 20 వేల పౌండ్ల చదువు అప్పు నెత్తిన ఉండగానే మొదలుపెట్టారు. బెంగళూరులో కాయించి 1990లో తెప్పించారు. పాతకాలపు సిట్రోయెన్ కారులో రెస్టారెంట్ల చుట్టూ తిరిగి స్వయంగా అమ్మారు. అదే కోబ్రా బీరు! నలుగురూ పంచుకునేలా పెద్ద సీసాల్లో ఇచ్చారు. 2006లో ఆయన హౌస్ ఆఫ్ లార్డ్స్ సభ్యుడయ్యారు. కడుపుబ్బరం లార్డ్ పదవి దాకా తీసుకెళ్లిందంటే నమ్మండి!

కూరతో బీరు తాగే అలవాటు ఇంగ్లండ్‌కు ఎలా అంటిందనేదానికి ఒక కథ ఉంది. 1926లో లండన్‌లో ఎడ్వర్డ్ పామర్ అనే ఆయన భారతీయ హోటల్ తెరిచారు. పేరేంటో తెలుసా? వీరస్వామి! డెన్మార్క్ రాజకుమారుడికి ఆ వంటలు నచ్చి, తన దేశపు కార్ల్స్‌బర్గ్ బీరు పీపా పంపేవాడని అక్కడ చెప్పుకుంటారు. హోటల్ మాత్రం కథ కాదు, అక్షరాలా నిజం!

అన్నిటికన్నా నన్ను కదిలించిన విశేషం ఆఖరికి దాచాను. బీరు కాచాక అడుగున ఈస్ట్ మడ్డి మిగులుతుంది. పారబోసే సరుకు. దాన్ని చిక్కబరిస్తే ఉప్పగా, నల్లగా, బ్రెడ్ మీద రాసుకునే ముద్ద అవుతుంది. 1902లో ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊళ్లో, బీరు ఫ్యాక్టరీల పక్కనే దాన్ని తయారు చేయడం మొదలుపెట్టారు. పేరు మార్మైట్. సీసాలోంచి పళ్లెంలోకి దిగిన బీరన్నమాట!

మీకు తెలుసా? ఆ మార్మైట్ బొంబాయిలో తల్లుల ప్రాణాలు కాపాడింది! 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ వైద్యురాలు బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు తీవ్రమైన రక్తహీనతతో కుప్పకూలుతున్నారు. కారణం తెలియదు. రకరకాలుగా ప్రయత్నించిన విల్స్, చివరికి చవకైన మార్మైట్ ఇచ్చి చూశారు. తేరుకున్నారు! 1931లో ఆమె ఆ సంగతి ప్రకటించారు. ఈస్ట్‌లో ఏదో ఉంది. ఏమిటది? కొన్నేళ్లపాటు దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అనే పిలిచారు.

ఆ "ఏదో" ఫోలిక్ యాసిడ్. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారు చేసి 1945లో లోకానికి చెప్పిన బృందానికి నాయకుడు ఎవరు? ఊహించండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు! ఫోలిక్ యాసిడ్‌తో నయమయ్యే స్ప్రూ అనే జబ్బే ఆయన యవ్వనంలో తోడబుట్టినవాణ్ణి పొట్టన పెట్టుకుంది. ఆ దుఃఖానికి ఆయన చెప్పిన జవాబు ఇవాళ ఊరూరా ఆరోగ్య కేంద్రంలో గర్భిణుల చేతికిచ్చే మాత్రలో ఉంది. ఒళ్లు పులకరించలేదూ!

అక్కడితో ఆగలేదు. ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్ అనే మందునూ ఆయన బృందమే తయారు చేసింది. దాన్ని వాడి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి తరిమారు. అది అచ్చయింది 1948లో. సుబ్బారావు కన్నుమూసిందీ ఆ ఏడాదే. ఆయన శతజయంతికి 1995లో భారత తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది. మీ ఇంట్లో పాత స్టాంపుల ఆల్బమ్ ఉంటే ఒకసారి తీసి వెతకండి!